నా మీదికి వచ్చేది అమ్మవారు కాదు

సీతారాండేరా, జంషెడ్‌పూర్
ఫిబ్రవరి 10, 2025

సింహాచలం అత్తా,

నీ పాదాలకి ఒక దండం, నీ మోకాళ్ళకి ఇంకొకటి. ఈ మధ్య దండాల అవసరం వాటికే ఎక్కువని అప్పలరాజు బావ ఫోన్‌లో చెప్పాడు. ఇప్పటికైనా పలాస గాలి పడిందా? బావ క్వార్టర్లో నీళ్ళ తిప్పలు తీరాయా?

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో నా మాట నీకు వినపడదు, నీకు వినపడేలా అరిస్తే మా వీధంతా వింటుంది. పోయినసారి నేను దేవిశ్రీ పరీక్షల గురించి చెప్తుంటే నువ్వు జీడిపప్పు ధర చెప్పావు. అందుకే మన పాత పద్ధతికి వచ్చాను.

మీ అల్లుడు గౌరీశంకర్‌కి టాటానగర్ లోకో షెడ్డులో షిఫ్టు మార్చారు. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నాడు, అది నాకు బాగుంది. దేవిశ్రీకి పన్నెండు నిండాయి. "అన్నం తిన్నావేటే?" అని అడిగితే "ఖా లియా" అంటుంది. తిన్నదన్న సంతోషంతో నేనూ ఊరుకుంటున్నాను. నా పని బిష్టుపూర్ షాపులోనే, కార్ఖానా వాళ్ళ యూనిఫారాలు కత్తిరించడం.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న షాపు నుంచి ఇంటికి రావలసినదాన్ని మన వీధి అమ్మవారి గుడి మెట్ల మీద తేలాను. ఎలా వచ్చానో తెలీదు, ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నెత్తి మీంచి పసుపు నీళ్ళు కారుతుంటే తెలివొచ్చింది. చుట్టూ ఆడవాళ్ళు. నా చేతిలో వేపమండ. మన పక్కింటి వరహాలమ్మ పిన్ని చేతులు జోడించి "ఏ తల్లివమ్మా నువ్వు? ఏటి గావాలో సెప్పు తల్లీ!" అని అడుగుతోంది. అప్పటికి నాకు సగమే తెలివి. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, "చద్దన్నం" అన్నానట.

ఇంకేముంది! అమ్మవారు చద్ది అడిగిందని ఒకటే కేకలు. ఇంటింటి నుంచీ పెరుగన్నం గిన్నెలు వచ్చేశాయి. నీ దగ్గర దాచడమెందుకు, కడుపునిండా తిన్నాను. అమ్మవారు అంత ఇదిగా తినడం ఎన్నడూ చూళ్ళేదని తర్వాత అందరూ చెప్పుకున్నారట.

ఆ రోజు నుంచీ నాకు దండాలు పెడుతున్నారు. కూరగాయల బండివాడు కూడా ముందు నాకే తూస్తున్నాడు. సుఖంగానే ఉంది గాని నాకు లోపల స్థిమితంగా లేదు.

నిన్ను ఒకటి అడగాలి. నీకు అమ్మవారు పూనినప్పుడు లోపల ఎలా ఉంటుంది? అప్పుడు నువ్వు ఎక్కడుంటావు? చిన్నప్పటి నుంచీ చూశాను గాని ఎప్పుడూ అడగలేదు. వివరంగా రాయి. ఒంట్లో నలతగా ఉందని బిష్టుపూర్‌లో ఒక డాక్టరుకి చూపించుకుందామనుకుంటున్నాను. ఆ లోపు నీ జవాబు వస్తే మేలు.

నీ మేనకోడలు
పద్మశ్రీ


పలాస
ఫిబ్రవరి 19, 2025

ఒలమ్మ ఒలమ్మ! పద్మా!

నీ ఉత్తరం చదివి మంచం మీంచి లేచి నిలబడిపోయాను. నా మోకాళ్ళు కూడా మారు మాట్లాడలేదు. కోడలు రమాదేవి ఏమైందోనని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. దాని చేతిలో గరిటె, నా కళ్ళలో నీళ్ళు.

నేను జంషెడ్‌పూర్ వదిలి రెండేళ్ళయింది. పండగనాడు తల మీద ఘటం ఎత్తుకుని వీధులు తిరిగే మనిషి లేక మన గుడి బోసిపోయిందని విన్నప్పుడల్లా గుండె పిండేసేది. ఎవరికి అప్పజెప్పాలా అని ఎంత బెంగ పెట్టుకున్నానో నీకేం తెలుసు? అమ్మవారు పరాయి ఇంటికి పోలేదు. మా తమ్ముడి కూతురినే వెతుక్కుంది.

వెంటనే అప్పలరాజు చేత వరహాలమ్మకి ఫోన్ కలిపించాను. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు, నేను చెప్పవలసింది మాత్రం చెప్పేశాను. ఈ ఏడు ఘటం పద్మ ఎత్తుతుంది, పసుపు చీర పెట్టండి అన్నాను.

నువ్వు చెయ్యవలసినవి చూసుకో. మంగళవారం నీచు ముట్టకు. గౌరీశంకర్‌కి చేప లేకపోతే ముద్ద దిగదని తెలుసు, ఆ ఒక్కరోజూ బయట తినమను. పండగకి వారం ముందు నుంచి చాప మీదే పడుక్కో. జుట్టు విరబోసుకుని వీధిలోకి వెళ్ళకు.

లోపల ఎలా ఉంటుందని అడిగావు. ఇదేం ప్రశ్నే? వచ్చిన మనిషికి తెలుస్తుంది. నీకు వచ్చింది కదా, నన్నెందుకు అడగడం? డాక్టరంటావా, నీకు రక్తం తక్కువై ఉంటుంది. మీ అమ్మకీ అంతే. ఏదో టానిక్ రాస్తాడు, మానకుండా తాగు.

ఇక్కడ మా ఇంటి వెనకే గూడ్సు బళ్ళు పోతాయి. చప్పుడు వినపడదు గాని మంచం కోళ్ళు వణుకుతుంటే తెలుస్తుంది. రమాదేవి చారు బాగా కాస్తుంది, ఉప్పే వెయ్యదు. అప్పలరాజుకి బీపీ అట. వాడికి బీపీ అయితే నాకెందుకమ్మా చప్పిడి చారు?

సంతోషంతో
మీ అత్త సింహాచలమ్మ


సీతారాండేరా
మార్చి 5, 2025

అత్తా,

నీ ఉత్తరం కంటే నీ ఫోన్ ముందు వచ్చి వీధిని ఏలేసింది. గుడి కమిటీవాళ్ళు డప్పు కూడా తెచ్చారు. పసుపు చీర, గాజులు, పువ్వులు పళ్ళెంలో పెట్టి ఇస్తే నవ్వుతూ తీసుకున్నాను. వద్దనడానికి నోరు రాలేదు. దేవిశ్రీ మాత్రం వాళ్ళు వెళ్ళాక "మమ్మీ, తుమ్ సచ్ మే దేవి హో క్యా?" అని అడిగింది. నిజంగా దేవివేనా అని కన్నకూతురు అడిగితే ఏం చెప్పమంటావు? "ముందు హోంవర్క్ చెయ్యి" అన్నాను.

మొదటి ఉత్తరంలో నీకు చెప్పనిది ఇప్పుడు చెప్తాను. నువ్వు బెంగ పెట్టుకుంటావని దాచాను. దాచడం వల్లే నువ్వు అలా సంతోషపడ్డావు, అందులో నీ తప్పేమీ లేదు.

గుడి మెట్ల మీద జరిగింది మొదటిసారి కాదు. జనవరిలో దేవిశ్రీని ట్యూషన్ దగ్గర దింపి స్కూటీ మీద షాపుకి బయల్దేరాను. మళ్ళీ నాకు తెలిసేసరికి ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్‌లో ఉన్నాను. బండికి స్టాండు వేసి ఉంది. హెల్మెట్ నా చేతిలో ఉంది. లారీలు తిరిగే ఆ వంతెన ఎలా దాటానో తెలీదు. ఆ కాస్త దారీ నాకు లేదు, ఎవరో కత్తిరించి పట్టుకుపోయారు. అప్పటికి పిల్లని దింపేశాను కాబట్టి సరిపోయింది. వెనక కూర్చుని ఉంటే ఏమయ్యేదో! ఆ రోజే బండి తాళం మీ అల్లుడికి ఇచ్చేశాను. బ్రేకు బాగోలేదని అబద్ధం చెప్పాను. తర్వాత నిజం కూడా చెప్పాను.

షాపులోనూ అంతే. ఒక్కోసారి బల్ల మీద కత్తిరించిన గుడ్డలు ఉంటాయి. కొలత సరిగ్గానే ఉంటుంది, చెయ్యీ నాదే. కత్తిరించినట్టు నాకు తెలీదు. ఇంకొన్నిసార్లు తెలివి ఉంటుంది గాని అద్దాల కిటికీ అవతల నుంచి నన్ను నేను చూస్తున్నట్టు ఉంటుంది. నవ్వుతున్న పద్మ అక్కడ, నేను ఇక్కడ.

అందుకే మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రక్తం డాక్టరు కాదు అత్తా. మీ అల్లుడు వచ్చాడు, పిలవకుండానే వరహాలమ్మ పిన్ని కూడా సంచిలో వేపాకు వేసుకుని వచ్చింది. డాక్టరు మహతో కుర్రవాడే, రాంచీ నుంచి వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. పిన్నికి లేచి నమస్కారం పెట్టాడు. ఇక పిన్ని ఆగుతుందా? మన గుడి, నీ ఘటం, నేనడిగిన చద్దన్నం, అన్నీ తన హిందీలో చెప్పేసింది. మీ అల్లుడు మధ్యలో స్కూటీ మాట ఎత్తబోతే "నువ్వుండు బాబూ, నాను సెప్తన్నాను గదా" అంది.

డాక్టరు అంతా రాసుకుని చేతులు జోడించాడు. "దేవి రావడం మీ సమాజంలో ఉన్నదే. దాన్ని రోగం అనడానికి నేనెవరిని? దీనికి మందు అక్కర్లేదు" అన్నాడు. నన్ను అడిగింది ఒక్కటే, నిద్ర పడుతోందా అని. బలానికి ఏవో బిళ్ళలు రాశాడు. పిన్ని ఆయన నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. అందరూ సంతోషంగా మెట్లు దిగారు, నేను తప్ప. డాక్టరు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. విసుక్కునేవాడైతే నేనూ గట్టిగా అడిగేదాన్ని.

మళ్ళీ వెళ్తాను. ఈసారి ఒక్కదాన్నే లోపలికి వెళ్తాను. నా మీదికి వచ్చేది అమ్మవారు కాదు, జబ్బు. ఆ మాట డాక్టరు చేత ఒప్పించకపోతే నాకు వైద్యం లేదు. నీకు పూనినప్పుడు ఎలా ఉంటుందో దయచేసి రాయి. రెండూ ఒకటి కాదని చెప్పాలంటే మొదటిది నాకు తెలియాలి కదా?

పద్మ


పలాస
మార్చి 10, 2025

పద్మశ్రీకి,

నీ దగ్గర నుంచి ఉత్తరం లేదు. వరహాలమ్మ దగ్గర నుంచి ఫోన్ మాత్రం వచ్చింది. అప్పలరాజు విని నాకు కాగితం మీద రాసి చూపించాడు. నువ్వు చీర పెట్టెలో పడేశావట. అమ్మవారు కాదు రోగం అన్నావట. డాక్టరే దండం పెట్టి పంపిస్తే, అది చాలదని ఆయన మీదికి మళ్ళీ వెళ్తానంటున్నావట.

ఏమే, నీకు అంత సిగ్గయిపోయామా? బిష్టుపూర్‌లో ఏసీ షాపులో పని చేస్తే, ఆడవాళ్ళు ఊగిపోవడం నీకు మొరటుగా కనిపిస్తోందా? మీ నాన్నా నేనూ ఆ బస్తీలోనే పెరిగాం. అమ్మవారు రోగమైతే నేను ముప్పై ఏళ్ళ రోగిష్టిదాన్నా?

లోపల ఎలా ఉంటుందని అడిగావు కదా, విను. పండగ దగ్గర పడగానే ఒంట్లో తెలుస్తుంది. ఉపవాసం ఉంటాను. డప్పు మొదలైతే అరికాళ్ళు సలసలమంటాయి. అప్పుడు నేను సరే అంటాను. ఆ సరే అన్నది నేనే, బలవంతం ఏమీ లేదు. తర్వాత ఒళ్ళు నాది కాదు, మాట నాది కాదు, కానీ నేను ఎక్కడికీ పోను. మూలన పీట వేసుకుని కూర్చున్నట్టు అన్నీ చూస్తూనే ఉంటాను. నా కళ్ళజోడు ఎవరి చేతికిచ్చానో అంత పూనకంలోనూ నాకు తెలుసు. గుడి దగ్గర బయల్దేరుతాను, గుడి దగ్గరే దిగుతాను. అమ్మవారు నన్ను ఒక్కనాడు దారి తప్పించలేదు. దిగాక ఒళ్ళు తేలికై, వరి కుప్పలా నిద్రపోతాను. అది అమ్మవారంటే! అలాంటి తల్లిని పట్టుకుని నువ్వు రోగమంటావా?

మీ అమ్మ బతికి ఉంటే ఆ మాట నీ నోటి నుంచి రానిచ్చేది కాదు.

సింహాచలమ్మ


పలాస
మార్చి 10, సాయంత్రం

పద్మా,

పొద్దున్న రాసిన ఉత్తరం చదవకు.

దాన్ని డబ్బాలో వేయించి ఇలా కూర్చున్నానో లేదో, పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చాడు. స్కూటీ సంగతి చదివాను. డబ్బా తెరిపించి నా ఉత్తరం వెనక్కి తెమ్మని అప్పలరాజుని తరిమాను. అలా ఇవ్వరమ్మా అని వాడు నవ్వుతున్నాడు. నా ఉత్తరం నాకెందుకివ్వరే?

నువ్వు చెప్పిందంతా నాకు ఎక్కలేదు. నీ మాట కాదనడం లేదు, అవుననడానికీ నోరు రావడం లేదు. ఒకటి మాత్రం చెప్తాను. అమ్మవారు ఆడమనిషిని లారీల మధ్యకి తోలుకుపోదు. మరి అది అమ్మవారు కాకపోతే ఏమిటో నాకు తెలీదు. తెలియనిదంటే భయం నాకు.

బండి తాళం మళ్ళీ అడగకు. డాక్టరు దగ్గరికి వెళ్ళు.

అత్త


సీతారాండేరా
మార్చి 30, 2025

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. చదవొద్దన్నదే ముందు చదివాను. కళ్ళనీళ్ళు వచ్చిన మాట నిజం. కానీ ఎంత మేలు చేశావో తెలుసా? బతిమాలితే చెప్పనిదంతా తిట్టడానికి కూర్చుని చెప్పేశావు. నువ్వు మూలన పీట వేసుకుని చూస్తుంటావు. నాకు పీటా లేదు, మూలా లేదు. నువ్వు సరే అంటావు. నన్ను ఎవరూ అడగరు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. లోపలికి ఒక్కదాన్నే వెళ్తానంటే మీ అల్లుడి ముఖం చిన్నబోయింది. అంతలోనే సర్దుకుని "రా పిన్నీ, సమోసా తినొద్దాం" అని వరహాలమ్మ పిన్నిని కిందికి తీసుకుపోయాడు. ఆ సమోసాకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మాటలన్నీ హిందీలోనే జరిగాయి, నీకు తెలుగులో రాస్తున్నాను.

"సార్, పోయినసారి మీరు మావాళ్ళని అడిగారు. ఈసారి నన్ను అడగండి" అన్నాను.

ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు. "మీ దేవతని రోగం అనడం నాకిష్టం లేదమ్మా. మా డాక్టర్లలో చాలామంది ఆ తప్పు చేశారు" అన్నాడు.

"ఆ తప్పు మీరు చెయ్యలేదు సార్. కానీ నా రోగాన్ని దేవత అనేశారు. అమ్మవారు వచ్చేది మా అత్తకి. ఎలా వస్తుందో నాకు తెలుసు, ఆవిడ ముందు పెరిగినదాన్ని. నాకు వచ్చేది అది కాదు."

ఏమిటి తేడా అని అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. డప్పు సంగతి, నువ్వు సరే అనడం, గుడి దగ్గర బయల్దేరి గుడికే రావడం, అన్నీ చెప్పాను. "పూనకంలో కూడా కళ్ళజోడు ఎవరికిచ్చిందో మా అత్తకి తెలుసు సార్. నాకు నేనెక్కడున్నానో తెలీదు" అంటే ముందు నవ్వాడు. తర్వాత వంతెన గురించి చెప్తే నవ్వడం మానేసి కలం తీశాడు.

ఫిట్స్ కూడా ఇలా ఉండొచ్చు, తలకి పరీక్ష చేయిద్దాం అన్నాడు. తప్పకుండా చెయ్యండి అన్నాను. అంతలో ఏదో మాత్ర రాయబోయాడు. ఇది దేనికి సార్, మత్తుగా ఉంటుందా, కత్తెరతో పని నాది అని అడిగాను. అయితే పరీక్ష అయ్యాక చూద్దామని కొట్టేశాడు. డాక్టరు రాసినదాన్ని అడిగి కొట్టేయించడం నా బతుకులో ఇదే మొదలు. దేవిశ్రీకి చెప్తే "వాహ్ మమ్మీ!" అంది.

"దీనికి పేరుందా సార్?" అని అడిగాను. పేరు పెడితే జనం వేరుగా చూస్తారేమో అని ఆయన వెనకాడాడు. "మీరు పెట్టకపోతే మా వీధి పెట్టిన పేరే ఉండిపోతుంది. దానికి చీర కూడా పెట్టేశారు" అన్నాను. అప్పుడు చెప్పాడు. డిసోసియేటివ్ డిజార్డర్ అంటారట. పరీక్ష అయ్యాకే గట్టిగా చెప్పగలను, కానీ నా అనుమానం అదే అన్నాడు. మోయలేనిది మీద పడ్డప్పుడు మనసు మనిషిని కాస్త పక్కకి తప్పిస్తుందట. కొందరికి ఆ తప్పించడం ఆగకుండా పోతుందట. నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారట అత్తా! జబ్బు పేరు విని అంత సంతోషపడిన మనిషిని ఆయనా చూసి ఉండడు.

మొదటిసారి ఎప్పుడు అని అడిగాడు. ఎవరూ అడగలేదు ఇది, నన్ను నేనూ అడగలేదు. కరోనా ఏడు, అమ్మతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు. మిమ్మల్నెవరినీ లోపలికి రానివ్వలేదు కదా. అమ్మ మంచం పక్కన నేను ఒక్కదాన్నే. పక్క మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే, ఒకసారి పైన తిరిగే ఫ్యాను దగ్గర నుంచి నన్ను నేను చూసుకుంటున్నట్టు అనిపించింది. భయం వెయ్యలేదు. హాయిగా ఉంది. అమ్మ పోయే ముందు ఏదో అడిగింది. పెదాలు కదలడం గుర్తుంది, మాట గుర్తులేదు. పక్కనే ఉండి కూడా నేను అక్కడ లేను. మీ అమ్మ బతికి ఉంటే అని రాశావు చూడు, ఆ మాట నన్ను కోసింది అందుకే. నీకు తెలీదు, అందుకే చెప్తున్నాను.

డాక్టరు ఫోన్ మోగితే బోర్లా పెట్టేశాడు. నేను ఏడవడం అయ్యేదాకా ఆగాడు. "పోయినసారే మిమ్మల్ని అడగవలసింది, నేను తొందరపడ్డాను" అన్నాడు. ఆ మాటతో నాకు సగం జబ్బు తగ్గినట్టయింది.

పరీక్షలో ఫిట్స్ ఏమీ లేవని తేలింది. ఇప్పుడు శనివారాలు ఒక బెంగాలీ మేడమ్ దగ్గరికి వెళ్తున్నాను. కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. అద్దాల కిటికీ పడుతున్నట్టు అనిపిస్తే అరికాళ్ళు నేలకి నొక్కాలి, చల్లని స్టీలు గ్లాసు పట్టుకోవాలి, ఎక్కడున్నానో, ఇవాళ ఏ వారమో పైకి చెప్పుకోవాలి. పక్కనున్నవాళ్ళు అరవకూడదు, గుంపుగా మీద పడకూడదు, పేరు పెట్టి నెమ్మదిగా పిలవాలి. చల్లటి నీళ్ళతో ముఖం కడుక్కోవచ్చట. ఇది విని వరహాలమ్మ పిన్ని "సూసినావా, నీళ్ళు నాను ముందే పోసినాను గదా" అంటోంది.

పూర్తిగా తగ్గడానికి చాలా రోజులు పడుతుందట. ఫర్వాలేదు. డాక్టరు సరే అనేదాకా స్కూటీ ఎక్కను. షాపు యజమానికి చెప్పేశాను, కొన్నాళ్ళు కత్తెర మాని కొలతలు తీస్తున్నాను. పొద్దున ఆటోలో కూర్చుని కిటికీలోంచి ఊరు చూసుకుంటూ పోతున్నాను. ఇన్నేళ్ళూ బండి నడుపుతూ ఏమీ చూడలేదని ఇప్పుడు తెలుస్తోంది.

పసుపు చీర గుడికి తిరిగి ఇచ్చేశాను. పిన్ని కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత చేపల పులుసు తెచ్చి ఇచ్చింది, మంగళవారం కూడాను! అమ్మవారు రోగమని నేను ఎక్కడా అనలేదు అత్తా. పండగకి వెళ్ళి దండం పెడతాను. ఘటం మాత్రం ఎత్తను. డాక్టరు నమ్మాడు, మీ అల్లుడు నమ్మాడు. నువ్వు ఇంకా అవుననలేదు. కోపముంటే తిట్టు, కానీ నమ్ము. నువ్వు నమ్మకపోతే నాకు ఎంత పేరు పెట్టించుకున్నా లోటే.

నీ పద్మ


పలాస
ఏప్రిల్ 8, 2025

పద్మా, అమ్మడూ,

నీ ఉత్తరం చదివి తిట్టడానికి కూర్చున్నాను. ఒక్క తిట్టూ రాలేదు.

ఉన్న మాట చెప్తాను. నా తర్వాత ఘటం నువ్వు ఎత్తుతావని ఆశపడ్డాను. ఆ ఆశ పోయినందుకు ఒక పూట అన్నం సయించలేదు. మర్నాడు ఆకలేసి తిన్నాను. చారులో ఉప్పు నేనే వేసుకున్నాను, రమాదేవి చూడలేదు.

నిన్న వరహాలమ్మకి ఫోన్ చేయించాను. "ఒలే వరాలూ, ఘటం గుళ్ళోనే ఉండనీయే. ఈ ఏడు అమ్మోరు ఎవులి మీదికీ రాకపోనా ఊరు మునిగిపోదు. పద్మకి వచ్చింది అమ్మోరు కాదు. నాకు తెల్దేటి? నాను సెప్తన్నాను" అన్నాను. అటు నుంచి చాలాసేపు ఏదో చెప్పింది. వినపడలేదు. చెవుడు ఒక్కోసారి కలిసొస్తుంది.

అవును, నమ్మాను. డాక్టరు చెప్పాడని కాదు, నువ్వు చెప్పావని.

నా ఉత్తరంలో ఒక మాట పొరపాటు రాశాను. అమ్మవారు నన్ను ఒక్కనాడు దారి తప్పించలేదని రాశాను కదా. పూనిన మనిషి ఒక్కతీ నడవదే పిచ్చిదానా. పక్కన పట్టే మనిషి ఉంటుంది. ముప్పై ఏళ్ళూ నా పక్కన పట్టింది మీ అమ్మ గౌరీదేవి. నడుం చుట్టూ చెయ్యి వేసి, నా చెవి దగ్గర నోరు పెట్టి, కాలవ వస్తే "వదినా, కాలవ" అనేది. రాయి వస్తే "వదినా, రాయి" అనేది. నేను ఊగినట్టల్లా తనూ ఊగుతూ, నన్ను పడనివ్వకుండా వీధులన్నీ తిప్పి గుడికి చేర్చేది. తను పోయాక ఇంకెవరో పట్టారు. ఆ ఏడే పడ్డాను, మోకాలు పోయింది.

చివరిమాట గుర్తులేదని ఏడవకు. ఆ గదిలో మీ అమ్మ పక్కన ఎవరో ఒకరు ఉన్నారు కదా, అది నువ్వే. గుర్తున్నా లేకపోయినా ఉన్నావు. ఇది డాక్టరు మాట కాదు, నా మాట.

నాలుగు రోజులుగా ఒకటే ఆలోచన. నా మీదికి అమ్మవారు వస్తే ఊరు ఊరంతా నా వెనక నడిచింది. నీకు జబ్బు వస్తే ఆ లారీల వంతెన ఒక్కదానివే దాటావు.

అప్పలరాజు టికెట్ తీశాడు. వచ్చే వారం దిగుతున్నాను. పండగ కోసం కాదు, పండగ అయిపోయాక కూడా ఉంటాను. శనివారం నీ వెంట ఆ మేడమ్ దగ్గరికి వస్తాను. గది బయటే కూర్చుంటాను, లోపలి మాటలు నాకు ఎలాగూ వినపడవు. దేవిశ్రీని నాతో తెలుగులో అరవమని చెప్పు, హిందీ అయితే నా చెవికి అసలే ఎక్కదు.

మళ్ళీ ఎప్పుడైనా నువ్వు లేకుండా పోతే పోనీ. నీ నడుం చుట్టూ నా చెయ్యి ఉంటుంది. "పద్మా, కాలవ. పద్మా, రాయి" అని చెప్తూ నిన్ను ఇంటికి తీసుకొస్తాను.

అత్త